ఇరవై ఆరు డిగ్రీల శవం

విద్యుత్ పొదుపులో మొదటి బహుమతి కొట్టిన ప్రభుత్వ కార్యాలయంలో, బహుమతిగా వచ్చిన ఇత్తడి షీల్డుతోనే ఒక మనిషి తల బద్దలు కొట్టారు. ఆ షీల్డు ఒక పనికంటూ ఉపయోగపడటం అదే మొదటిసారి అయివుంటుంది.

చచ్చిపోయినవాడు కరెంటు ఆడిటరు. ఆ భవనం నిజంగానే కరెంటు పొదుపు చేస్తోందా, ఈ ఏడు కూడా బహుమతి ఇవ్వచ్చా అని తేల్చడానికి వచ్చాడు. మధ్యాహ్నం నుంచి మూడో అంతస్తు మీటింగు హాల్లో తలుపు వేసుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున తలుపు తీస్తే బల్ల పక్కన బోర్లా పడి ఉన్నాడు. శవం చల్లబడిన తీరు చూసి పోలీసు డాక్టరు, సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్య ప్రాణం పోయిందని చెప్పాడు. ఆ వేళలో హాల్లో ఆడిటరుతో ఉన్నది ఆఫీసు ఎలక్ట్రీషియన్. కరెంటు లెక్కల మీద ఇద్దరూ గట్టిగా అరుచుకోవడం వరండాలో అందరూ విన్నారు. ఇంకేముంది, మా మరిది కేసు తేల్చేశాడు.

మరిది అంటే నా చెల్లెలి మొగుడు. ఇన్‌స్పెక్టరు. నేరం జరిగిన చోట ఎదురుగా ఎవడు కనిపిస్తే వాడే నేరస్థుడనేది అతని సిద్ధాంతం. దాని పుణ్యాన అసలు నేరస్థులు పక్కకి తప్పుకుంటే చాలు, బతికిపోతున్నారు. నేను బీమా కంపెనీలో అగ్నిప్రమాదాల దర్యాప్తు చేసి చేసి, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నదాన్ని. మరిది దృష్టిలో నాది కాలక్షేపం. నా దృష్టిలో అతనిదీ అంతే, కాకపోతే జీతం వస్తుంది.

ఎలక్ట్రీషియన్ భార్య పొద్దున్నే నా ఇంటికొచ్చింది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక అయిపోయినట్టుంది.

"అక్కా, రేపు పొద్దున మళ్ళీ కోర్టుకి తీసుకెళతారంట. ఈసారి అక్కణ్ణుంచి జైలే అంట. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు. ముగ్గురు పిల్లల్ని ఏ గుమ్మంలో కూర్చోబెట్టను?"

"ఆ రోజు మీ ఆయన ఇంటికి ఎన్నింటికి వచ్చాడు?"

"ఆరున్నరకి. అన్నం తింటుంటే ఫోనొచ్చింది. పోలీస్ స్టేషన్‌లో ఫ్యాన్లు ఆగిపోయాయంట, వచ్చి బాగుచెయ్యమన్నారు. కంచంలో చెయ్యి కడుక్కుని పోయాడు. పదకొండు దాటాక వచ్చాడు."

"ఎవరు పిలిపించారు?"

"ఇన్‌స్పెక్టరు గారే. మర్నాడు ఆయనే వచ్చి బేడీలు వేశారు."

ఆ మాట విన్నాక ఈ కేసు నాకు ఊరికే చేసినా సరిపోతుందనిపించింది.

*

ముందు డైరెక్టరు గదికి వెళ్ళాను. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన ఫైలు అట్టతో విసురుకుంటున్నాడు. మందపాటి అద్దాల పైన, ఎడమ కనుబొమ మీద ప్లాస్టరు. వెనక గోడ మీద ఆయనే సంతకం పెట్టిన ఉత్తర్వు, దేవుడి పటంలా ఫ్రేము కట్టి ఉంది. ఏ గదిలోనూ ఏసీ ఇరవై ఆరు డిగ్రీలకి తగ్గకూడదట. తగ్గిస్తే క్రమశిక్షణ చర్య అట.

"నా గదికి ఏసీయే లేదు, చూడండి. నలుగురికి చెప్పేముందు మనం ఆచరించాలి కదా. మొదట నాదే పీకించాను," అన్నాడు.

"ఉక్కగా ఉండదా?"

"అలవాటైపోయింది. ఈ మూడు రోజుల నుంచే మరీ చంపేస్తోంది."

"ఆ రోజు మీరు మీటింగు హాల్లోకి వెళ్ళారా?"

"ఆడిటరు వచ్చిన దగ్గర్నుంచి ఆ గడప తొక్కలేదు. ఆయన పనికి అడ్డం పడ్డానని రేపు ఎవరూ అనకూడదు. ఆరింటికి అందరితో పాటు నేనూ ఇంటికి వెళ్ళిపోయాను."

"కనుబొమకి ఏమైంది?"

"అది కూడా ఆ సాయంత్రమే. అద్దాలకి ఆవిరి పట్టేసి మెట్టు కనపడలేదు. వానాకాలం, పైగా అరిగిపోయిన మెట్లు. రిపేరుకి రాసి ఏడాదైంది."

"మంజూరు చెయ్యాల్సింది ఎవరు?"

ఆయన విసురుకోవడం ఆపాడు. "నేనే," అన్నాడు.

ఇంతకన్నా ఆ మనిషితో మాట్లాడితే నాకు పాపం చుట్టుకుంటుందని లేచాను.

*

హాలు ఆ గది పక్కనే. మధ్యలో ఒక్క గోడ, గోడకి పైన గాలి కోసం చిన్న జాలీ. తలుపుకి వేసిన సీలు మరిదే వచ్చి తీశాడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

"వదినా, మీరు అడిగారని తీస్తున్నాను. ఇక్కడ చూడ్డానికి ఏం మిగల్లేదు. మీ చెల్లెలు అన్నం పెట్టనంటుందని భయం తప్ప ఇంకేం లేదు."

"అన్నం పెట్టడం తప్ప నీకు ఇంకేం చెయ్యాలో దానికీ తెలీదులే మరిదీ. ఫోటో చూపించు."

ఫోటోలో ఆడిటరు బోర్లా పడి ఉన్నాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. తల చుట్టూ, చెవులు కప్పుతూ, చేతి తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. దాని మీంచే దెబ్బ పడింది.

"ఈ తువ్వాలు ఏమిటి?"

"అలవాటై ఉంటుంది. కొందరు కట్టుకుంటారు."

"వానాకాలపు ఉక్కలో, మూసిన గదిలో, చెవులకి తువ్వాలు కట్టుకుంటారా?"

"చచ్చినవాణ్ణి అడగలేం కదా వదినా."

బతికున్నవాళ్ళని కూడా అతను అడగడు. అడిగితే ఎక్కడ జవాబు చెబుతారోనని భయం.

ఏసీని నడిపే చిన్న పెట్టె కిటికీ పక్క గోడకి ఉంది. దాని మీద ఎవరూ మీటలు నొక్కకుండా గాజులాంటి ప్లాస్టిక్ మూత, మూతకి తాళం. లోపల అంకెలు ఇరవై ఆరు అని చూపిస్తున్నాయి. గది ఎంత వేడిగా ఉందో ఆ పెట్టే కనిపెడుతుంది. ఇరవై ఆరు దాటితే ఏసీని నడిపిస్తుంది, దిగితే ఆపేస్తుంది. మనిషి చెయ్యి పడే దారి లేదు. అంత పకడ్బందీగా చేశారు. నాకు తెలిసినంతలో, ఇంత పకడ్బందీగా తాళం వేసిన చోట తాళం పక్కన ఒక కన్నం ఎప్పుడూ ఉంటుంది.

కర్టెన్ ఇటు లాగాను. పెట్టెకి సరిగ్గా కింద, కర్టెన్ చాటున ఒక స్టూలు. దాని వెనక సున్నం తెల్లగా లేదు. అరచేతి వెడల్పున పసుపు తిరిగి, మధ్యలో గోధుమరంగుకి వచ్చింది. కర్టెన్ లోపలి అంచు బిరుసెక్కింది. కాలిపోయిన కొంపలు చూసీ చూసీ ముసలిదాన్నవుతున్నాను, వేడి తగిలిన గోడని గుర్తుపట్టడానికి నాకు డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదు. ఒక చిన్న వేడి వస్తువు చాలా నెలలుగా, రోజూ అక్కడ కూర్చుంది. ఇప్పుడు లేదు. స్టూలు మీద దుమ్ములో గుండ్రటి ఖాళీ మాత్రం ఉంది.

"ఇక్కణ్ణుంచి ఏం తీసుకెళ్ళారు?" అని మరిదిని అడిగాను.

"శవాన్ని, షీల్డుని. అంతే."

"ఈ హాల్లో ఏసీ రాత్రిళ్ళు ఆగుతుందా?"

"భవనం మొత్తం ఆరింటికి ఆగిపోతుంది. గడియారం మీట ఉంది, ఏసీలూ లైట్లూ అన్నీ అదే కట్టేస్తుంది. ఈ ఒక్క హాలుకి మాత్రం మినహాయింపు ఉంది, డైరెక్టరుగారు ఇప్పించారు. ఆరు తర్వాత కూడా మీటింగులుంటాయని."

"ఉంటాయా?"

"ఈ ఏడాదిలో జరిగినట్టు లేదు."

*

హాలు ఎదురుగా ఉన్న సెక్షన్‌లో సూపరింటెండెంటు కూర్చుంటాడు. నేను వెళ్ళేసరికి ఆ గది చీకటిగా ఉంది. నేను అడుగు పెట్టగానే లైట్లు వెలిగాయి. ఇదీ పొదుపులో భాగమే. మనిషి కదలిక ఉంటేనే లైటు వెలుగుతుంది, కాసేపు ఎవరూ కదలకపోతే ఆరిపోతుంది. పని ఉంటేనే లైటు అని పెట్టిన పద్ధతి అది. ఆ సెక్షన్‌లో ఆరుగురు ఉన్నారు, ఆరుగురూ చీకట్లోనే ఉన్నారు. పద్ధతి బాగా పనిచేస్తోంది.

నేను మాట్లాడుతున్నంతసేపూ సూపరింటెండెంటు మధ్యమధ్య కుడిచెయ్యి పైకెత్తి ఈగని తోలినట్టు ఊపుతున్నాడు. లైటు కోసం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చేసిన శారీరక శ్రమ అంతా ఈ ఏడాదే జరిగి ఉంటుంది.

ఆయన కుర్చీ వెనక ఒక ఉన్ని స్వెటర్ వేలాడుతోంది. పక్క కుర్చీకి ఇంకోటి. దాని పక్కన శాలువా.

"స్వెటర్లు ఎందుకండీ?"

"మాకేం తెలీదండీ. మేం ఏసీ ముట్టుకోలేదు," అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నేను ఏసీ మాటే ఎత్తలేదు.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. "సూపరింటెండెంటు గారూ, ఆ పొద్దున హాలు తలుపు తీసింది మీరే కదా. శవాన్ని చూశారు. చూసిన వెంటనే ఏం చేశారు?"

"పోలీసులకి ఫోను చేశానండీ."

"దానికి ముందు?"

చెయ్యి ఊపడం మర్చిపోయాడు. లైట్లు ఆరాయి. నేనే చెయ్యి ఊపాను. వెలుతుర్లో ఆయన మొహం చెమటతో తడిసిపోయి ఉంది.

"ఆ స్టూలు మీద ఉన్నది ఇటివ్వండి," అన్నాను.

ఆయన లేచి, తన బీరువా తాళం తీశాడు. అన్నం గిన్నెల సంచీ వెనక నుంచి ఒక టేబుల్ లైటు తీశాడు. దానికి పాతకాలపు పసుపు బల్బు. భవనంలో అలాంటి బల్బులన్నీ పీకేసి కొత్తవి పెట్టామని గుమ్మం దగ్గర పెద్ద బోర్డు రాసి ఉంది. కొత్తవి వేడెక్కవు. అందుకే ఒక్క పాతదాన్ని ప్రాణంలా దాచుకున్నారు.

"దీన్ని వెలిగించి పెట్టె కింద పెడితే, గది మండిపోతోందని పెట్టె అనుకుంటుంది. ఏసీ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. అంతే కదా?"

"అంతేనండీ. పెట్టె మీద అంకెలు ఇరవై ఆరుకి తగ్గవు. తనిఖీకి వచ్చినా తప్పు దొరకదు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. "గదేమో చలికాలంలా అయిపోతుందండీ. మధ్యాహ్నం మీటింగులకి స్వెటర్లు వేసుకుంటాం."

"ఎవరి తెలివి ఇది?"

"డైరెక్టరుగారికి ఉక్క పడదండీ. ఏసీ పీకించుకున్నారు కానీ ఉండలేకపోయారు. జాలీలోంచి చల్లగాలి వస్తే బాగుంటుందన్నారు. ఎలా చెయ్యాలో మాత్రం ఆయన చెప్పలేదండీ. ఏదో ఒకటి చూడవయ్యా అన్నారంతే."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. ఇక్కడ పల్లకీకి బహుమతి కూడా వచ్చింది.

"రోజూ సాయంత్రం ఆర్పేవారా?"

"నేనే ఆర్పేవాణ్ణి. ఆ రోజు ఆడిటరుగారు లోపలే కూర్చున్నారు కదండీ, ఎలా వెళ్ళను? పొద్దున తలుపు తీసేదాకా వెలుగుతూనే ఉంది. లోపల ఒళ్ళు గడ్డకట్టే చలి. ఆయన కింద పడి ఉన్నారు. పోలీసులొస్తే ఇది చూస్తారు, ఉత్తర్వు ఉల్లంఘించానని నాకు మెమో ఇస్తారు. రిటైరుమెంటుకి ఏడాది కూడా లేదండీ."

శవాన్ని చూస్తే ఈయనకి మెమో గుర్తొచ్చింది. శవాన్ని దాటుకుంటూ వెళ్ళి బల్బు ఆర్పి, లైటు దాచి, కిటికీలు తెరిచి, గది మామూలు వేడికి వచ్చాక తీరిగ్గా పోలీసులకి ఫోను చేశాడు. ఆ బల్బు సంగతి ఒక్కటి చెప్పి ఉంటే మూడు రోజులుగా ఒక అమాయకుడు లాకప్‌లో ఉండేవాడు కాదు.

"ఎలక్ట్రీషియన్‌కి ముగ్గురు పిల్లలు. మీకు తెలుసా?"

"తెలుసండీ. మంచివాడండీ," అన్నాడు. అని, అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు.

కొట్టకుండా లేవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

*

మరిది నవ్వాడు. "ఒక బల్బు పెట్టుకుని కేసు తిరగరాస్తారా వదినా?"

"కూర్చో. ఒక గంట ఆగు."

"నాకు పనుంది."

"రేపు కోర్టులో నలుగురి ముందు నవ్వులపాలవడమా? దానికి తొందరేముంది."

కూర్చున్నాడు. కిటికీలు మూసి, టేబుల్ లైటు స్టూలు మీద పెట్టి వెలిగించాను. పెట్టె మీద అంకెలు ఎక్కాయి, ఏసీ అందుకుంది. మేమిద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే మా చెల్లెలి దాకా వెళుతుంది. కాసేపటికి అతను బల్ల మీది టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. ఇంకాసేపటికి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. గంట తిరిగేసరికి, జేబులోంచి చేతిగుడ్డ తీసి తెలీకుండానే చెవుల మీద వేసుకున్నాడు.

"అలవాటా మరిదీ?" అన్నాను.

గుడ్డ లాగేసి, ఫోను తీసి డాక్టరుకి కలిపాడు. స్పీకరు పెట్టమని, బల్బు సంగతీ గది చలీ చెప్పించాను.

డాక్టరు విసుగ్గా మాట్లాడాడు. "గది ఇరవై ఆరు డిగ్రీలని మీరే చెప్పారు. దాన్ని బట్టే లెక్క కట్టాను. రాత్రంతా ఇంత చలిలో ఉంటే శవం తొందరగా చల్లారిపోతుంది. ప్రాణం పోయింది సాయంత్రం కాదు, రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య. శవం బిగుసుకోవడం నా లెక్కకి కుదరట్లేదని ఆ రోజే అన్నాను. మీరు వినలేదు."

మరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఎలక్ట్రీషియన్ ఎనిమిదికీ పదికీ మధ్య ఎక్కడున్నాడు మరిదీ?" అని అడిగాను.

అతను బల్లకి చెబుతున్నట్టు ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు. రేపు కోర్టులోనూ చెప్పాలి, అలవాటు చేసుకో."

"నా స్టేషన్‌లో ఉన్నాడు."

"ఏం చేస్తున్నాడు?"

"నా గదిలో ఫ్యాను బాగుచేస్తున్నాడు."

"నువ్వు?"

"కింద నిచ్చెన పట్టుకున్నాను," అన్నాడు.

నిందితుడికి ఇంతకంటే గట్టి సాక్షి ఏ డిటెక్టివ్‌కీ దొరికి ఉండడు. మరిది సాక్ష్యాన్ని చేత్తో పట్టుకుని, నేరస్థుణ్ణి ఎక్కడెక్కడో వెతక్కుండా నిచ్చెన మీంచే దింపుకుని బేడీలు వేశాడు.

"అతని భార్యకి నువ్వే ఫోను చెయ్యి," అన్నాను. "ఈ రాత్రి కంచం ముందు నుంచి అతన్ని ఎవరూ లేపకూడదు."

మరిది లైటు ఆర్పి, జాగ్రత్తగా కాగితంలో చుట్టుకుని, తల వంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సూపరింటెండెంటు వాంగ్మూలం కూడా స్టేషన్‌లోనే తీసుకుంటానని ఆయన్ని వెంటబెట్టుకెళ్ళాడు. మిగతా ఉద్యోగులు అప్పటికే, ఆరు కొట్టకుండానే బల్లలు సర్దేసి వెళ్ళిపోయారు. ఆ ఒక్క పనిలో వాళ్ళని ఎవరూ వేలెత్తి చూపలేరు.

నేను గొడుగు తీసుకుని, హాలు తలుపు తీసి వరండాలోకి అడుగు పెట్టాను.

నా కళ్ళజోడు రెండు అద్దాలూ ఒక్కసారి తెల్లగా మసకబారిపోయాయి. మెట్లు ఉన్నాయని తెలుసు, కనపడలేదు. చల్లటి హాల్లోంచి ఉక్కలోకి వచ్చాను కదా, ఆవిరి పట్టింది. గోడ పట్టుకుని ఆగిపోయాను.

అద్దాలకి ఆవిరి పట్టేసి మెట్టు కనపడలేదు.

చిన్న జాలీలోంచి కాస్త చల్లగాలి తగిలే గదిలోంచి వచ్చినవాడి అద్దాలకి ఇంత ఆవిరి ఎందుకు పడుతుంది? ఈ భవనంలో ఆవిరి పట్టేంత చల్లటి గది ఒక్కటే ఉంది. ఆ గడప తొక్కలేదన్నాడు డైరెక్టరు. ఆరింటికి అందరితో పాటు దిగానన్నాడు. ఆయన తుమ్మితే నాలుగు చేతిగుడ్డలు లేచే ఆఫీసు ఇది. ఆరింటికి, అందరి మధ్య, మొహం పగిలేలా మెట్ల మీద పడితే ఒక్కరూ చూడకుండా ఉంటారా? ఆయన పడినప్పుడు భవనంలో ఎవరూ లేరు. ఒక్క ఆడిటరు ఉన్నాడు, హాల్లో, తలకి తువ్వాలుతో. ఆ బల్బు సంగతి కనిపెట్టేసి ఉంటాడు.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. గోడకి జాలీ ఉంది. చల్లగాలి వెళ్ళే జాలీలోంచి మాటలు కూడా వెళతాయి. డాక్టరు స్పీకరులో అన్న ప్రతి మాటా ఆ పక్క డైరెక్టరు గదికి వినబడింది. వినిపించింది నేనే. మరిదిని వెక్కిరిస్తూ నా తెలివికి మురిసిపోతున్నాను కాబట్టి ఆ జాలీ నాకు గుర్తే రాలేదు.

ఆరయింది. గడియారం మీట పనిచేసింది. కింది అంతస్తు నుంచి వరసగా లైట్లన్నీ ఆరిపోయాయి. వరండాలో మిగిలింది పొదుపు లైటు ఒక్కటే, నా తల మీదిది. కదిలితే వెలుగుతుంది, కదలకపోతే ఆరిపోతుంది.

కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆ లైటు కూడా ఆరిపోయింది.

నేను కదల్లేదు. లైటు వెలిగింది.